అయిదో ఆకు

నగరం,
మార్చి 4

చిరంజీవి బావమరిదికి,

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. మనం ఉత్తరాలు రాసుకుని చాలా ఏళ్ళయింది. ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయాం.

విషయానికి వస్తాను. మీ ఊరి పైనున్న శిఖరాన్ని రాళ్ళ క్వారీకి ఇవ్వబోతున్నారు. నేలకి అతుక్కుని పూసే చిన్న కొండచామంతి ఒకటి అక్కడ ఉందనీ, ప్రపంచంలో ఇంకెక్కడా లేదనీ, దానికి నా పేరు పెట్టారనీ నీకు తెలుసు. పుస్తకాల్లో డైసీ అంటారే, ఆ జాతి. రక్షించాల్సిన మొక్కల జాబితాలో అది ఉన్నన్నాళ్ళూ ఆ కొండ జోలికి ఎవరూ పోలేరు. ఇప్పుడు సర్వేవాళ్ళు నా వర్ణన చేత్తో పట్టుకుని రెండు పూతకాలాలు వెతికి, 'ఈ మొక్క ఇక లేదు' అని రాసిపెట్టారు. జూలై 20న కమిటీ కూర్చుంటుంది. ఆ రోజు జాబితాలోంచి కొట్టేస్తే, ఆగస్టులో మందుగుండు పెడతారు.

నువ్వు ఆ కొండ కింది నర్సరీలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యావు. అది ఎక్కడుందో చూపించగలవాడివి నువ్వొక్కడివే. సర్వేవాళ్ళని ఒకసారి వెంటబెట్టుకు వెళ్ళు. నీ సాయాన్ని నివేదికలో తప్పక పేర్కొంటాను.

ఆశీస్సులతో,
బావ

ఒరేయ్ తమ్ముడూ, ఈయన ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపి రాశారు. ఎందుకని అడిగితే పెన్ను బాగోలేదన్నారు. స్వెట్టరు వేసుకుంటున్నావా? – అక్క


కొండ కింది ఊరు,
మార్చి 13

మహారాజశ్రీ ప్రొఫెసరు బావగారి పాదపద్మాలకి,

క్షేమమని రాయడం ఆనవాయితీ. నా మోకాళ్ళు ఆ ఆనవాయితీకి ఒప్పుకోవడం లేదు కాబట్టి, మెడ నుంచి నడుము దాకా క్షేమమని మనవి.

నా సాయాన్ని పేర్కొంటానన్నారు. నాకు కన్నీళ్ళొచ్చాయి. తమరు పేర్కొనడం అంటే ఎలా ఉంటుందో ఒకసారి చూసినవాణ్ణి కదా.

తమరికి గుర్తుండకపోవచ్చు, నేను తమరి హెర్బేరియంలో షీట్లు అంటించేవాణ్ణి. కొండల్లోంచి వచ్చిన మొక్కల్ని పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి ఆరబెట్టడం, ఆరాక తెల్లటి అట్ట మీద జిగురుతో అంటించడం, మూల లేబులు వేసి బీరువాలో పెట్టడం. అయిదో క్లాసుతో ఆగిన నా చదువు ఆ పాత పేపర్ల మీదే నడిచింది. అందుకే నా లోకజ్ఞానమంతా రెండేళ్ళు పాతది, మధ్యమధ్య ఆకుపసరు మరకలు. ఒక హత్య కేసు మొదటి సగం ఓ గడ్డిమొక్క కింద చదివి, రెండో సగం కోసం పదకొండు నెలలు ఎదురుచూశాను. చివరికి ఒక తామరాకు కింద దొరికింది. హంతకుడు బావమరిది. ఎందుకో ఆ వార్త నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇక మొక్క సంగతి. ఉందండీ, నిక్షేపంలా ఉంది. మోకాళ్ళు మాట వింటున్న రోజుల్లో, అంటే కిందటేడు జూన్‌లో, కూర్చుని లెక్కపెట్టాను. రెండువందల పధ్నాలుగు పువ్వులు. మీ సర్వేవాళ్ళు వాటిని తొక్కుకుంటూనే తిరిగారు. పాపం వాళ్ళ కళ్ళలో దోషం లేదు, వాళ్ళ చేతిలో కాగితంలో ఉంది. ఆకు గురించి తమరు ఏం రాశారో ఒకసారి తీసి చదువుకోండి. చదువుకుని, నాకో ముక్క రాయండి.

తమరి పాదధూళి,
బావమరిది

అక్కా, స్వెట్టరు వేసుకుంటున్నాను. పెన్ను సంగతి బావనే మళ్ళీ అడుగు.


నగరం,
ఏప్రిల్ 1

బావమరిదికి,

నీ వెటకారం వయసుతోపాటు తగ్గుతుందనుకున్నాను. చదువుకున్నాను. 'ఆకులు వెడల్పు, అంచు రంపపు పళ్ళవంటిది' అని ఉంది. మూల షీటులో, అంటే ఏ ఎండుమొక్కని చూసి ఆ పేరు పెట్టానో ఆ షీటులో, ఆకులు అలాగే ఉన్నాయి. వర్ణనలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆకు మాట ఎందుకెత్తావో నాకు అర్థం కాలేదు.

మూడున్నర నెలలే ఉంది. కథలు చెప్పడానికి ఇది సమయం కాదు. వెళ్తావా, వెళ్ళవా?

బావ

అర్థం కాలేదని రాశారా? రాసిన దగ్గర్నుంచి రెండు రోజులు తిండి ముట్టలేదు. – అక్క


కొండ కింది ఊరు,
ఏప్రిల్ 15

బావా,

గార్లూ పాదాలూ అయిపోయాయి. ఇక నువ్వే.

అర్థం కాలేదన్నావు. అర్థమయ్యేలాగే చెప్తాను. తొందరపెట్టకు. ముప్పై ఒక్క ఏళ్ళుగా బుగ్గన పెట్టుకుని చప్పరిస్తున్న బిళ్ళ ఇది, ఒక్కసారిగా కొరికెయ్యమంటే నావల్ల కాదు.

ఆ ఏడు జూన్‌లో మనిద్దరం ఈ ఊరొచ్చాం. నీకు జలుబు. విడిదింట్లో వేడినీళ్ళ బకెట్టులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, 'నువ్వు పైకెళ్ళి ఏం దొరికితే అది పట్టుకురా రా' అన్నావు. నేనొక్కణ్ణే ఎక్కాను. శిఖరం కింద గట్టు మీద అలిసిపోయి బోర్లా పడుకుంటే, ముక్కుకి జానెడు దూరంలో కనపడింది. గోరంత పువ్వు. తెల్ల రేకులు, మధ్యలో పసుపు బొట్టు, కాడ చిటికెనవేలంత కూడా లేదు. ఆకులు నేలకి అతుక్కుని, అయిదే అయిదు. చిలక నాలుకల్లా సన్నం, అంచు నున్నన, తిరగేస్తే అడుగున వెండి నూగు. నిలబడి ఉంటే ఈ జన్మకి చూసేవాణ్ణి కాదు.

వాడిపోకుండా అక్కడే పేపర్ల మధ్య పెట్టి కట్టేశాను. సాయంత్రం నీ బల్ల మీద మడత కొంచెం ఎత్తి, పువ్వొక్కటే చూపించాను. పచ్చి ఆకు పేపరుకి అంటుకున్నాక కదిపితే చిరుగుతుందని నీకూ తెలుసు. భూతద్దంలో పువ్వు చూసి నా వీపు మీద చరిచావు. 'కొత్తది రా ఇది! ఇద్దరి పేర్లూ వేద్దాం!' అన్నావు. అక్కకి ఫోన్లో కూడా ఆ మాటే చెప్పావు. పక్కనే ఉండి విన్నాను.

నెల తర్వాత మొక్క ఆరి, అంటించడానికి నా బల్ల మీదకి వచ్చింది. దాంతోపాటు నువ్వు టైపు చేయించిన లేబులు. 'సేకరించినవారు' అన్నచోట నీ పేరు. నీ పేరొక్కటే. దాని కింద ఇంకో పేరు పట్టేంత ఖాళీ ఉంది, బావా. ఆ ఖాళీ చూస్తూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను.

నేను అరవలేదు. అరవడం చేతనైతే ఏనాడో బాగుపడేవాణ్ణి. బ్లేడు తీసుకుని ఆ అయిదు ఆకుల్నీ మొదలంటా కోశాను. అదే కొండ ఎడమ గట్టు మీద, నీడపట్టున ఇంకో చామంతి పెరుగుతుంది. మేకలు కూడా మూతి తిప్పుకునే మామూలు మొక్క. పువ్వు కంటికి ఇంచుమించు ఇలాగే, భూతద్దం పెడితే వేరు. ఆకు మాత్రం వెడల్పు, అంచు రంపం. ఆ ప్రయాణంలోనే తెచ్చిన దాని ఆకులు అయిదు తీసి, కోసినచోట అంటించాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

అయితే ఒక్కమాట. నీ కాళ్ళకి నేను ఉచ్చు వేయలేదు, తలుపు తీసే ఉంచాను. ఆ కొండెక్కి ఆ మొక్కని కోసినవాడైతే, షీటు చూడగానే 'ఈ ఆకులేంట్రా?' అనాలి. నువ్వు అనలేదు. కొలిచావు, రంపపు పళ్ళెన్నో లెక్కపెట్టావు, అచ్చేయించావు. కొండ ఎక్కలేదని నువ్వే రాసి సంతకం పెట్టావు. ఎవడో ఒకడు కనిపెడతాడనీ, నీ కిరీటం ఊడుతుందనీ కాసుక్కూర్చున్నాను. ఎవడూ కనిపెట్టలేదు. లోకానికి ఆకులు చూసే తీరిక లేదు.

ఇప్పుడు సంగతి ఇదీ. నీ వర్ణనలో పువ్వు దీనిది, ఆకు దానిది, రెండూ కలిసిన ఆ పేరున్న మొక్క కొండ మీద లేదు. కొండ మీదున్న మొక్కకి పేరు లేదు. లేనిదాన్ని కొట్టేస్తారు, పేరు లేనిదాన్ని రాళ్ళతోపాటు పేల్చేస్తారు. ఎత్తి వేరేచోట నాటుదామని ఏ తెలివైనవాడో అంటాడేమో. నర్సరీలో మూడుసార్లు చూశాను. కుండీలో పెట్టిన పదో రోజుకి కళ్ళు తేలేస్తుంది. పౌరుషం దానికీ ఉంది.

నేను వెళ్ళి చెబితే జిగురు పూసేవాడి మాట ఎవడు వింటాడు? నీ మాట వింటారు, మూల షీటూ నీ బీరువాలోనే ఉంది. కానీ కోసిన అయిదు ఆకులూ నా దగ్గరున్నాయి. కాడ మీది కోతకీ ఆకు మొదలు కోతకీ జత కలిపి చూపిస్తేనే రుజువు. అడగకముందే చెప్తున్నాను, ఒక షరతు మీద ఆకులిస్తాను. కమిటీ ముందు నిలబడి నీ నోటితో, 'నేను ఆ కొండ ఎక్కలేదు, ఆ మొక్కని చూడలేదు' అనాలి. అంతే.

నీ బావమరిది


నగరం,
మే 2

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి నేను కుప్పకూలిపోతానని అనుకుని ఉంటావు. కూలలేదు. నాకు తెలుసు.

అచ్చయిన ఆరో ఏట విద్యార్థులకి చూపించడానికి ఆ షీటు తీశాను. కిటికీలోంచి ఎండ పక్కగా పడింది. కాడా ఆకులూ కలిసేచోట సన్నటి నీలిగీత. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవాడివి నువ్వొక్కడివే. ఎవరు వద్దన్నా వినేవాడివి కాదు. సూదిమొనతో ఆకుని కొంచెం లేపి చూశాను. ఏం చేశావో తెలిసింది. ఎందుకు చేశావో తెలియడానికి సూది అక్కర్లేకపోయింది.

బయటపెడితే వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: 'సేకరించింది మీరే కదండీ, మీకే తెలియలేదా?' తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఎక్కడెక్కడివాళ్ళు ఆ షీటు చూస్తామని రాసినా, 'పాడైంది, పంపలేం' అని నేనే జవాబు రాశాను. రిటైరై పధ్నాలుగేళ్ళయినా ఆ బీరువా తాళంచెవి నా జేబులోనే ఉంది. కాబట్టి నీ దెబ్బ తగల్లేదని దిగులుపడకు. తగిలింది. రోజూ తగిలింది.

కానీ నేను ఊరుకున్నాననుకోకు. ఆ నెలలోనే నిన్ను కొండ కింది నర్సరీకి బదిలీ చేయించింది నేనే. నీకు కొండలంటే ఇష్టమని చెప్పి చేయించానని మీ అక్కతో అనిపించాను. నీ బ్లేడూ నీ జిగురూ ఇంకే షీటునీ ముట్టకూడదనుకున్నాను. నువ్వు ప్రాణంలా చూసుకున్న బల్ల దగ్గర ఇంకొకణ్ణి కూర్చోబెట్టాను. మనిద్దరికీ చెల్లుకు చెల్లు.

నువ్వడిగిన మాట నేను అనను. డెబ్భై నాలుగేళ్ళు వచ్చాక నలుగురిలో తలదించుకోలేను. ఆ పువ్వు పోతే పోనీ.

బావ

ఇద్దరి ఉత్తరాలూ ఈసారి మొత్తం చదివాను. ఆ రోజు ఫోన్లో 'ఇద్దరి పేర్లూ' అన్నమాట నాకు బాగా గుర్తుంది. ఈయనకి అదే చెప్పాను. అప్పట్నుంచీ నాతో మాటల్లేవు. నీతో నాకూ మాటల్లేవు. మీరిద్దరూ కొట్టుకోవడానికి గోరంత పువ్వు తప్ప ఇంకేమీ దొరకలేదా? – అక్క


కొండ కింది ఊరు,
మే 11

బావా,

ఆ బదిలీ కాగితం వచ్చినరోజు నేనేం చేశానో తెలుసా? నువ్వున్న దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టాను. ఎంత ద్రోహం చేసినా నా మనసెరిగి కొండ దగ్గరికి పంపించాడు అనుకున్నాను. ఇరవై అయిదేళ్ళు నిన్ను తిట్టుకున్న ప్రతిసారీ చివర్న 'అయినా ఆ ఒక్కటి మంచిపని చేశాడులే' అని కలుపుకున్నాను. ఇవాళ్టితో ఆ దణ్ణం వెనక్కి తీసుకుంటున్నాను. తిట్లు అలాగే ఉంచుకో.

పువ్వు పోతే పోనీ అన్నావు. చదివి ముందు నవ్వుకున్నాను. తర్వాత భయమేసింది. ఎందుకంటే ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో నేనూ ఆ మాట అనుకున్నాను, ఒకసారి కాదు. సర్వేవాళ్ళు కొండ దిగి వచ్చి నర్సరీ ముందు టీ తాగుతూ 'లేదండీ, పోయింది' అన్నప్పుడు నేను అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాను. 'ఉంది నాయనా' అని రెండు మాటలు చాలు. అనలేదు. జాబితాలోంచి నీ పేరు పోతుందన్న సంతోషంలో టీ ఇంకో గుక్క తాగాను. నువ్వు దాన్ని దొంగిలించావు, నేను దాని ఒళ్ళు కోశాను. మనిద్దరితో అదేం గొడవ పెట్టుకుంది పాపం!

నేను మెత్తబడ్డాననుకోకు. షరతు మారింది, బరువు పెరిగింది. మాట చెప్పడం చాలదు. ముందు కొండ ఎక్కు. ఎక్కనివాడు 'ఎక్కలేదు' అనడం కూడా కుర్చీలో పనే. ఎక్కి, చూసి, అప్పుడు చెప్పు.

ఎక్కనంటావా? నీ మే 2 ఉత్తరం నా దగ్గరుంది. నీ చేతిరాత, నీ సంతకం. 'పాడైంది, పంపలేం' అన్నదాకా అన్నీ ఉన్నాయి. నువ్వు రాకపోతే అదే కమిటీకి వెళ్తుంది. నీ నోటితో వస్తుందా, నీ అక్షరాలతో వస్తుందా, ఎంచుకో. కాగితాన్ని పాడవకుండా దాచడం నాకు నేర్పింది నువ్వే.

నా మోకాళ్ళు ఎక్కవు కాబట్టి దారి రాస్తున్నాను. నర్సరీలో నా కింద పనిచేసిన గార్డు తోడొస్తాడు. విడిది నుంచి గొర్రెలవాళ్ళ రాతిదొడ్డి దాకా సులువు. అక్కడ నీళ్ళు తాగు, తర్వాత దొరకవు. దొడ్డి దాటగానే ఎడమకి తిరుగు. మూడు గంటల ఎక్కుడు. ఊపిరి అందనిచోట నల్లబండ ఉంటుంది. కూర్చో. అప్పుడు నేనూ అక్కడే కూర్చున్నాను, నీకు తెచ్చిపెట్టాలన్న ఆత్రంలో. పైన గట్టు వచ్చాక నిలబడి వెతకకు, దొరకదు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ నేలకి ఆనించి, తలవంచు. అలా వంచినవాడికే కనపడుతుంది.

తెల్లటోపీ పెట్టుకో. ఎండ ఎక్కువ.

బావమరిది


కొండ మీది విడిది,
జూన్ 17

బావమరిదికి,

వచ్చాను. గెలిచావు. ఇప్పుడు చదువు.

మొన్న పొద్దున్నే బయల్దేరాం. దొడ్డి దగ్గర నీళ్ళు తాగి, నువ్వు చెప్పినట్టే ఎడమకి తిరిగాం. మూడు గంటలన్నావు, నాకు అయిదు పట్టింది. నల్లబండ మీద కూర్చుని నిన్ను తిట్టుకున్నాను. అక్కణ్ణుంచి గార్డు నా నడుముకి తాడుకట్టి లాగాడు. డెబ్భై నాలుగేళ్ళ ప్రొఫెసర్ని పశువులా తోలుకుపోయాడు. గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. చేతులు ఆనించాను. తలవంచాను.

కనపడింది. తెల్ల పువ్వు. ఆకులు వెడల్పు, అంచు రంపం. అచ్చం నేను రాసినట్టే.

అప్పట్లో సూదితో నేను చూసింది కూడా మర్చిపోయి, ఒక్క క్షణం నువ్వు చెప్పిందంతా అబద్ధమనుకున్నాను. నేనే గెలిచాననుకున్నాను. 'దొరికింది!' అని కేకేశాను కూడా. గార్డు అటు తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంటయ్యా నవ్వుతున్నావ్?"

"ఏం లేదు సార్. ఇది ఆ ఇంకోటి. అసలుది కుడిపక్కన. దొడ్డి దగ్గర్నుంచి గంటన్నరే."

"మరి ఇటెందుకు తెచ్చావు?"

"మీ బావమరిదిగారు చెప్పారు సార్. ముందు ఆయన రాసిన ఆకు చూపించు, రాయనిది రేపు చూపిద్దువుగాని అన్నారు. మీరు అడిగేదాకా నోరెత్తొద్దన్నారు."

దిగేటప్పుడు నాలుగుచోట్ల కూలబడ్డాను. నిన్నంతా మంచం దిగలేదు. ఇవాళ కుడివైపు వెళ్ళాం.

నిలబడి చూస్తే ఉత్త రాళ్ళూ గడ్డీ. గార్డు వేలితో చూపించినా కనపడలేదు. మోకాళ్ళ మీద కూర్చున్నా కనపడలేదు. చివరికి గడ్డం నేలకి ఆనేదాకా వంగితే, రెండు రాళ్ళ మధ్య ఉంది. అయిదు ఆకులు. అంచు నున్నన. గోటితో ఒకదాన్ని మెల్లిగా తిరగేశాను. వెండి నూగు. గాలి వీస్తే ఒళ్ళు జలదరించినట్టు మెరుస్తోంది. ఒకటి చూశాక పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. నేను పడుకున్నచోటే పదకొండు ఉన్నాయి. ఎన్నిటి మీద కాలు వేసి వచ్చానో తెలియదు.

యాభై ఏళ్ళు మొక్కల మీద బతికాను. నా పేరున్న మొక్కని ఇవాళ మొదటిసారి చూశాను.

దీంతో నీ తప్పు చిన్నదైపోయిందనుకోకు. కమిటీ ముందు నా మాట నేను చెప్తాను. నీ మాట కూడా నేనే చెప్తాను, ఒక్క ముక్క దాచను. షీటు మీద బ్లేడు పెట్టినవాణ్ణి నేను క్షమించను, వాడు ఎవడైనా సరే. ఆకులు పంపు.

బావ


కొండ కింది ఊరు,
జూన్ 19

బావా,

నువ్వు మొదట ఎక్కిన రోజున నర్సరీ డాబా మీద కుర్చీ వేయించుకుని దుర్భిణీ పెట్టుకున్నాను. పొద్దున్న తొమ్మిదిన్నరకి తెల్లటోపీ దొడ్డి దాటింది. ఎడమకి తిరిగింది. టీ చెప్పాను. ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో అంత రుచైన టీ తాగలేదు. రెండో టీ తాగుతుంటే టోపీ నల్లబండ దగ్గర ఆగింది, ఎంతసేపటికీ కదల్లేదు. ఆ టీ చల్లారిపోయింది. మళ్ళీ కదిలేదాకా నేనూ కుర్చీలోంచి లేవలేదు. ఇది అక్కకి చెప్పకు.

ఆకులు జతచేశాను. ఆనాటి పేపరు మడతలోనే ఉన్నాయి. పేపరు పారేయకు, వెనక ఒక మంచి వార్త ఉంది. నా మాట చెప్తానన్నావు. చెప్పు. నువ్వు వంగినప్పుడు నేను మాత్రం నిలబడి ఉంటే ఏం మర్యాద?

బావమరిది


నగరం,
ఆగస్టు 6

బావమరిదికి,

కమిటీ నిర్ణయం వచ్చింది. మొక్క జాబితాలో ఉంటుంది. క్వారీకి అనుమతి లేదు. రెండు గట్లూ కలిపి కంచె వేస్తారు, పూతకాలంలో ఎవరూ నడవకుండా గార్డుని కాపలా పెడతారు. ఎడమ గట్టు కూడా కంచెలోకి రావడంతో నీ రంపం మొక్కకి కూడా రాజయోగం పట్టింది.

మూల షీటు మీద నీ ఆకులు కోతకి కోత సరిపోయాయి. కొత్త వర్ణన వచ్చేనెల పత్రికలో అచ్చవుతుంది. ప్రూఫు నకలు పంపుతున్నాను. రెండో పేరా నీ గురించే. నీ ఇంటిపేరుతో సహా వేశాను: 'ఈ మొక్కని మొదట కనుగొన్నవారూ, దాని మూల షీటుని కావాలని చెడగొట్టినవారూ ఒకరే.' మార్చమని అడగకు. మార్చను.

బీరువా తాళంచెవి తిరిగి ఇచ్చేశాను.

ఒక విషయం అడగాలి. కాడ మీద కోతలు అయిదు. నువ్వు పంపినవి నాలుగు. అయిదోది ఎక్కడ?

బావ

తమ్ముడూ, ఈయన రాయనిది నేను రాస్తున్నాను. కమిటీ కూర్చున్న రోజు నేనూ వెళ్ళాను, వెనక వరసలో కూర్చున్నాను. క్వారీవాళ్ళ లాయరు లేచి, "అయ్యా, ఈ మొక్కని మీ చేతులతో సేకరించానని అప్పట్లో రాశారు కదా, ఇప్పుడు ఆకులు వేరంటున్నారేంటి?" అన్నాడు. హాలంతా ఈయన దగ్గర చదువుకున్నవాళ్ళే. ఈయన లేచారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు, ఎవరి మొహాలూ కనపడకుండా. "అది అబద్ధం. నేను ఆ కొండ మొన్న జూన్‌లో మొదటిసారి ఎక్కాను. అప్పుడు ఎక్కింది మా బావమరిది," అన్నారు. నీ పేరు చెప్పారు. ఆ పేరు రాసుకునేవాడికి సరిగా వినపడలేదు. ఈయన ఇంకోసారి గట్టిగా చెప్పారు. నేను అక్కడే క్షమించేశాను ఈయన్ని. నిన్ను ఇంకా ఆలోచిస్తున్నాను. – అక్క


కొండ కింది ఊరు,
సెప్టెంబరు 9

బావా,

పత్రిక వచ్చింది. ఊళ్ళో పోస్టుమాన్ దగ్గర్నుంచి టీ కొట్టువాడి దాకా అందరికీ రెండో పేరా చదివి వినిపించాను. పేరు అచ్చులో చూసుకోవాలని ముప్పై ఒక్క ఏళ్ళు కుళ్ళిపోయినవాణ్ణి, చివరికి అచ్చయింది, నేరంతో సహా. మా టీ కొట్టువాడు 'కావాలని చెడగొట్టినవారు' దగ్గర ఆపి, "అంటే మీరు దొంగా, దొరా?" అన్నాడు. "రెండూ, బావమరిదిని కదా" అన్నాను. నీ వాక్యం బాగుంది. మింగలేక కక్కలేక చస్తున్నాను. నాకు తగిన శాస్తి చేసే తెలివి నీకొక్కడికే ఉంది, దాన్ని ఎప్పుడూ కాదనలేదు.

కంచె వేశారు. గార్డు నన్ను దొడ్డిదాకా జీపులో తీసుకెళ్ళాడు. అక్కణ్ణుంచి చూస్తే ఏమీ కనపడదు, తెలుసు కదా. అయినా చాలాసేపు చూశాను. పూత అయిపోయి గింజ రాలే కాలం ఇది.

అయిదో ఆకు ఎక్కడని అడిగావు. నా దగ్గరే ఉంది. రుజువుకి నాలుగు చాలతాయని నాకు తెలుసు, అందుకే నాలుగే పంపాను. షీటు మీద ఆ ఖాళీ అలాగే ఉండనీ. ఒకప్పుడు లేబులు మీద నువ్వు నాకొక ఖాళీ వదిలావు, ఇది నేను నీకు వదిలేది. వందేళ్ళ తర్వాత ఎవడో భూతద్దం పెట్టి 'ఇక్కడ ఒక ఆకు ఏమైంది?' అని జుట్టు పీక్కోవాలి. కావాలంటే నువ్వే వచ్చి తీసుకో. ఇవ్వను, కానీ రా. ఈసారి దారి ఎడమకా కుడికా అన్నది వచ్చాక చెప్తాను.

గుండె డాక్టరుకి చూపించుకున్నావని అక్క రాసింది. మందులు వేళకి వేసుకో. మెట్లు ఎక్కకు. నువ్వు ఉన్నన్నాళ్ళే బావా, ఇది దాచిపెట్టిన ఆకు. నువ్వు పోయిన మర్నాడు ఉత్త గడ్డిపరక.

నీ బావమరిది